గమకం లేని ఈల

మానవజాతి మొదట నిప్పు కనిపెట్టింది, తర్వాత చక్రం కనిపెట్టింది, ఆ తర్వాత చాలాకాలం చెప్పుకోదగ్గది ఏమీ లేకుండా కాలక్షేపం చేసి, కిందటి అక్టోబరులో మా ఉత్తర పెల్‌బ్రూక్ టౌన్ ఆఫీసులో ఈలకు ధ్రువపత్రం కనిపెట్టింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని తక్కిన ఊళ్ళన్నీ మమ్మల్ని చూసి కుళ్ళుకుంటున్నాయని మా అధికారులు చెబుతున్నారు. (ఆ ఊళ్ళ నుంచి ఖండన ఇంకా రాలేదు. ఉత్తరాలు మంచులో చిక్కుకుని ఉండవచ్చు.)

నేను ఊరి వారపత్రికలో శనివారం బీన్స్ విందుల కబుర్లు రాసుకునేవాణ్ణి. ఇలాంటి చారిత్రక విషయం రాయవలసి వస్తుందని అనుకోలేదు. రాయక తప్పడం లేదు, ఎందుకంటే చరిత్ర మా ఇంటి నేలమాళిగలో జరిగింది.

మా ఊళ్ళో ఆరు నెలలు చలికాలం, తక్కిన ఆరు నెలలు దానికి సన్నాహం. ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కొందరు పెరట్లో ప్రొపేన్ గ్యాసు పెట్టుకుంటారు, కొందరు నేలమాళిగలో నూనె ట్యాంకు పెట్టుకుంటారు. నూనె అంటే డోనట్లు వేయించుకునేది కాదు, డీజిల్‌కి పెదనాన్న కొడుకు. ఆ ట్యాంకు తాలూకు గొట్టాలు రెండు ఇంటి గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకటి నింపే గొట్టం, రెండోది ఊపిరి గొట్టం. లారీ మనిషి నూనె పోస్తుంటే ట్యాంకులోని గాలి ఊపిరి గొట్టం గుండా బయటికి పోతూ, దారిలో బిగించిన చిన్న ఈలను మోగిస్తుంది. నూనె ఈల దాకా వచ్చిందంటే ఈల ఆగిపోతుంది, ట్యాంకు నిండిందన్నమాట. ఈల మొదలు కాకపోతే పొయ్యకూడదు, ఈల ఆగాక పొయ్యకూడదు. ఈ శాస్త్రాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రాస్కో లెవిట్ అనే మనిషి తన రెండు చెవులతో నడిపిస్తున్నాడు. ఏ ఇంటి ఈల ఏ గొంతుతో పాడుతుందో అతనికి తెలుసు. మా ఇంటి ఈలను 'జలుబు చేసిన పిచ్చుక' అనేవాడు.

ఇంత సజావుగా నడిచే పని చాలాకాలం అలాగే నడవకూడదు కదా. కిందటి సెప్టెంబరులో రాస్కో మూస్ దుప్పి వేటకని సెలవు పెట్టాడు. అతని బదులు నూనె డిపోవాళ్ళు కార్ల్‌టన్ అనే పెద్దమనిషిని పంపారు. మా ఇంటికి నూనె తెచ్చిన కార్ల్‌టన్, మా ఇంట్లో పోయకుండా ఎదురింటి లిండన్ హ్యాచ్ గోడలో గొట్టం కనిపిస్తే అందులో పోశాడు. లిండన్ రెండేళ్ళ కిందటే ప్రొపేన్‌కి మారి ట్యాంకు తీయించేశాడు. గొట్టం మాత్రం గోడలో ఉండిపోయింది (అందంగా ఉందని కాదు, తీయడానికి బద్ధకమై). ఆ గొట్టం రెండో కొస నేలమాళిగలో గాలిలో వేలాడుతోంది. పంపు చప్పుడుకి చెవులు పాడవుతాయని రాష్ట్ర కార్మికశాఖ వాళ్ళు ఇచ్చిన చెవిడిప్పలు పెట్టుకుని ఉన్నందువల్ల కార్ల్‌టన్‌కి ఈల రాకపోవడం వినబడలేదు.

ఎనభై గ్యాలన్లు దిగాక లిండన్ వాకిట్లోకి వచ్చి, "మా ఇంట్లో ట్యాంకు లేదయ్యా," అన్నాడు.

కార్ల్‌టన్ ఒక చెవిడిప్ప కాస్త ఎత్తి, "గొట్టం ఉందిగా," అన్నాడు.

నేలమాళిగలో లిండన్ బంగాళాదుంపలు, క్రిస్మస్ చెట్టు దీపాలు, బీన్స్ ఊరగాయ సీసాలు నలభై మునిగిపోయాయి. నెలరోజులపాటు ఎవరెవరో వచ్చి నేల తవ్వి మట్టి తీసుకుపోయారు. దీన్నిబట్టి మామూలు బుర్రలకు తోచేది, మిగిలిపోయిన గొట్టాలు పీకించాలని. టౌన్ ఆఫీసుకి అంతకన్నా లోతైన విషయం తోచింది. ఊళ్ళో ఈలల మీద అజమాయిషీ లేదు.

అలా పుట్టింది గృహ ఇంధన భద్రతా విభాగం. దానికి అధికారిగా మెరిట్ క్విమ్బీ నియమితుడయ్యాడు. అంతకుముందు ఆయన కుక్కల లైసెన్సులు చూసేవాడు. కుక్కలు సహకరించలేదు. స్కూల్లో నాకన్నా రెండు తరగతులు చిన్న, మొన్నటిదాకా 'ఒరేయ్ మెరిట్' అని పిలిచినవాణ్ణే. బల్ల మీద పేరుపలక పెట్టాక నోరు దానంతటదే 'క్విమ్బీగారూ' అనడం మొదలుపెట్టింది.

క్విమ్బీగారు మూడు వారాలు కష్టపడి నియమావళి రాశారు. ప్రతి ఇంటి ఈలను అధికారి స్వయంగా వినవలెను. విన్న ఈలను ఫోనులో రికార్డు చేసి నెంబరు ఇవ్వవలెను. పాసైన గొట్టానికి పచ్చబిళ్ళ, కాని గొట్టానికి ఎర్రబిళ్ళ తగిలించవలెను. పచ్చబిళ్ళ లేని గొట్టంలో నూనె పోయరాదు. నూనె పోయు వ్యక్తి చెవిడిప్పలు ధరించవలెను. నూనె పోయు వ్యక్తి ఈలను శ్రద్ధగా ఆలకించవలెను. (ఈ చివరి రెండు ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, కానీ ఒకదానినొకటి గమనించలేదు.) డిపో నుంచి ఒకసారి బయలుదేరిన నూనెను వెనక్కి తీసుకుపోవుట ప్రమాదకరము గనుక, ఏదైనా కారణం చేత ఒక ఇంట దించలేకపోయినచో, దగ్గరలో పచ్చబిళ్ళ ఉన్న గొట్టంలో దించవలెను. ఆ చివరిది చదివి నేను ఆవలించాను. ఇప్పుడు ఆ ఆవలింతకు చింతిస్తున్నాను.

ప్రారంభోత్సవం దుర్ఘటనాస్థలంలోనే జరిగింది. బీన్స్, చెరుకుపాకం కలిపిన గోధుమరొట్టె వడ్డించారు. బాధితుడికి గౌరవసూచకంగా మొట్టమొదటి పచ్చబిళ్ళను, ఒకటో నెంబరుది, లిండన్ గొట్టానికే క్విమ్బీగారు తన చేతులమీదుగా తగిలించారు. ఫోటో మా పత్రికలో నేనే వేయించాను. బిళ్ళ వద్దు, పానా ఒకటి ఇస్తే గొట్టమే పీకేసుకుంటానని లిండన్ మొరపెట్టుకున్నాడు. గొట్టం పీకాలంటే దాని ఈలను రద్దు చేయాలని, రద్దు చేయాలంటే ముందు ఆ ఈలను వినాలని, ట్యాంకు లేనందువల్ల ప్రస్తుతానికి అది వినబడడం లేదని క్విమ్బీగారు ఓపిగ్గా చెప్పారు. లిండన్ రొట్టె తిని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నవంబరు ఆఖరుదాకా గడువు ఇచ్చారు. ఆలోగా ఎవరింట నూనె పోస్తున్నా క్విమ్బీగారు వచ్చి ఈల విని బిళ్ళ ఇస్తారు. ఊళ్ళో అందరూ తలా కాస్త నూనె పోయించుకుని ఈల వినిపించేశారు. మేం మాత్రం వినిపించలేకపోయాం. చలికి ముందే జాగ్రత్తపడదామని నా భార్య డెల్ఫీన్ అక్టోబరు మొదట్లోనే ట్యాంకు అంచుదాకా నింపించింది. నిండిన ట్యాంకు ఈల వేయదు. ముందుచూపు ఉన్నవాళ్ళకి మా ఊళ్ళో ఇలాంటి ఇబ్బందులు మామూలే. కాస్త దిగాక వినిపిద్దాంలే అనుకుంటూ ఉండగానే గడువు ముగిసి మా గోడకి ఎర్రబిళ్ళ వేలాడింది.

డిసెంబరులో ఫారం నింపి ఆఫీసుకి వెళ్ళాను. వరసలో నేనొక్కణ్ణే. అయినా చీటీ తీసుకోమన్నారు. నా నెంబరు నలభై మూడు, పిలుస్తున్నది పదకొండు. మధ్యలోని వాళ్ళు ఎవరూ రాలేదని నిర్ధారించుకోవడానికి క్విమ్బీగారు ఒక్కొక్క నెంబరునూ మూడేసి సార్లు పిలిచారు. నా వంతు వచ్చాక కళ్ళజోడు సర్దుకుని, "ఈల వినిపించండి, పచ్చబిళ్ళ ఇస్తాను," అన్నారు.

"నూనె పోస్తేనే కదండీ ఈల వచ్చేది."

"బిళ్ళ ఉంటేనే నూనె పోస్తారు."

"మరి ఈల ఎలా వస్తుంది?"

"అది మీకూ మీ ట్యాంకుకూ మధ్య విషయం. మధ్యలో ఆఫీసు ఎందుకు దూరాలి?" అన్నారు ఆయన, చాలా మర్యాదగా.

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతకి ఇంతకాలానికి ఒక ప్రభుత్వ ఆఫీసు దొరికిందని నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే ఇంటికొచ్చి ట్యాంకు మీద నూనె మట్టం చూపే గేజీ చూశాను. సగానికి వచ్చింది. క్రిస్మస్‌కి పావు అయింది. కొత్త సంవత్సరానికి పావులో సగం.

ఇక్కడ ఒక్కమాట నవ్వకుండా చెప్పాలి. మా ఊళ్ళో జనవరిలో నూనె అయిపోవడమంటే చలి వేయడం కాదు. రెండు రోజుల్లో గోడల్లోని నీటిగొట్టాలు గడ్డకట్టి పగులుతాయి, ఆ తర్వాత మిగిలేదాన్ని ఇల్లు అనరు. వంటింట్లో కట్టెల పొయ్యి ఉంది, అది వంటింటికే సరి. డెల్ఫీన్ మంచుబండి మీద పోయేటప్పుడు తొడుక్కునే దళసరి దుస్తులతో భోజనానికి కూర్చోవడం మొదలుపెట్టింది. నియమావళి పుస్తకం ఆమెకి చదివి వినిపించి, ఇదంతా మన భద్రత కోసమేనని ఓదార్చబోయాను.

"భద్రత చాలు ఎల్విన్," అంది. "కాస్త వేడి ఇప్పించు."

ఆ వారంలోనే లిండన్ పిల్లిని చంకనేసుకుని మా వంటింట్లోకి వచ్చాడు. ఇంట్లో కుళ్ళిన గుడ్ల వాసన వచ్చిందట. ప్రొపేన్‌కి సొంత వాసన ఉండదు. కారితే తెలియాలని కంపెనీవాళ్ళే ఆ కంపు కలుపుతారు. లిండన్ పద్ధతిగా దీపం స్విచ్చి కూడా ముట్టుకోకుండా, పొయ్యి జోలికి పోకుండా, తలుపు తీసుకుని సరాసరి రోడ్డు దాటి వచ్చాడు. వచ్చి మా ఫోనులోంచి భద్రతా విభాగానికి చేశాడు. వాసన ఒక గుడ్డుదా, అరడజనుదా అని అడిగారు. లెక్కపెట్టలేదన్నాడు. అయితే మళ్ళీ లోపలికి వెళ్ళి, దీపం వేసుకుని, సిలిండరు పత్రం మీద నెంబరు చూసి చెప్పమన్నారు. లిండన్ ఫోను పెట్టేసి గ్యాసు కంపెనీకి చేశాడు. వాళ్ళు ఇరవై నిమిషాల్లో వచ్చి వదులైన బిగింపు సరిచేసి పోయారు. నమోదు కాకముందే వాసనను పోగొట్టినందుకు లిండన్‌కి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. (పిల్లికి కూడా ఒకటి వచ్చిందని అతను చెబుతున్నాడు గానీ నేను చూడలేదు.)

ఆ కబుర్లు విని నవ్వడానికి ఆర్డెల్ పింకమ్ టీచరుగారు కూడా వచ్చారు. ఆవిడ మా పక్కింటావిడ. మా అందరికీ, క్విమ్బీగారితో సహా, సంగీతం చెప్పారు. డెబ్భై ఆరేళ్ళ వయసులో పెరట్లో క్యాబేజీ మేసే జింకల్ని ఈల వేసి తరిమే మనిషి. మా గేజీ సంగతి విని, టీ కప్పు కింద పెట్టి, పెదాలు తడుపుకుని ఒక్క ఈల వేశారు. పిల్లి బల్ల కిందికి దూరింది. డెల్ఫీన్ నా వైపు చూసింది.

"ఒరేయ్ ఎల్విన్, వాడికి కావలసింది ఈలే కదరా," అన్నారు టీచరుగారు. "మెరిట్‌గాడికి చిన్నప్పుడూ శ్రుతి తెలియదు."

నాకు నిజాయితీ ఎక్కువ, ధైర్యం తక్కువ. అందుకని మర్నాడు వెళ్ళి క్విమ్బీగారిని నేరుగానే అడిగాను, నూనె పోయకుండానే ఈల వినబడితే అభ్యంతరమా అని. ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. ఈల వినబడిందా అన్న గడి ఉంది, ఎంతసేపు అన్న గడి ఉంది. ఎలా వచ్చింది అన్న గడి లేదు. గడి లేని ప్రశ్న అడగడానికి తనకు అధికారం లేదన్నారు. గురువారం పొద్దున పదింటికి వస్తానన్నారు.

గురువారం చలి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. మా గొట్టాల పక్కనే నేలమాళిగ కిటికీ ఉంది. దాని వెనక టీచరుగారు రెండు దుప్పట్లు కప్పుకుని స్టూలు మీద కూర్చున్నారు. క్విమ్బీగారు ఊపిరి గొట్టం దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డారు. నేను చలికి అన్నట్టు బూట్లు రెండుసార్లు నేలకేసి కొట్టాను. అది సంకేతం.

ఈల సన్నగా మొదలైంది, నిలకడగా ఎక్కింది, ఒక నిమిషంపాటు తీగలా సాగింది. అక్కడితో ఆపేయమని ముందే అనుకున్నాం. కానీ ముప్ఫై ఎనిమిదేళ్ళు సంగీతం చెప్పిన మనిషికి ఒట్టి ఈలతో ముగించడం చేతకాలేదు. చివర్లో ఒక గమకం వేసి, దాన్ని రెండుసార్లు ఊగించి, మెత్తగా దించారు. నా ప్రాణం గొట్టంలోకి వచ్చింది. క్విమ్బీగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. కళ్ళు తెరిచి, ఇంతవరకూ ఇంత ఆరోగ్యమైన ట్యాంకును చూడలేదన్నారు. ధ్రువపత్రంలో 'ఈల నెం. 212, ఉత్తమ శ్రేణి, చివర గమకం కలదు' అని రాసి, ఎర్రబిళ్ళ తీసి పచ్చబిళ్ళ తగిలించారు. మేం నేలమాళిగలో చేతులు పట్టుకుని గెంతాం. ఆ గెంతడంలో చలి కూడా మర్చిపోయాం.

మధ్యాహ్నమే రాస్కో లారీ వచ్చింది. గేజీలో తేలే ముక్క అడుగుకి ఆనుకుంది. డెల్ఫీన్ ఆ దుస్తులతోనే వాకిట్లో నిలబడింది. రాస్కో నియమం ప్రకారం చెవిడిప్పలు ధరించాడు, అంటే మెడకి. గొట్టం బిగించి మీట తిప్పాడు. నాలుగు సెకన్లు తల వంచి విని, కట్టేశాడు.

"ఈల లేదు," అన్నాడు.

బిళ్ళలు చదవడానికీ ఈలలు రికార్డు చేయడానికీ విభాగంవాళ్ళు లారీకి అమర్చిన పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. 'ధ్రువీకరించబడిన ఈల, నింపవచ్చును' అని అక్షరాలు పరుగెడుతున్నాయి. నేను ధ్రువపత్రం తెచ్చి చూపించాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు కావలసింది నూనె. ఇంతలో నేలమాళిగ కిటికీలోంచి, ఉపకారం చేద్దామని, టీచరుగారు ఈల అందుకున్నారు. గమకంతో సహా.

రాస్కో టోపీ తీశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వంగాడు.

"టీచరుగారూ, బాగుంది. ఇక ఆపండి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "ఏవయ్యా ఎల్విన్, ట్యాంకు ఊపిరి తీసుకోవడం లేదు. నేను పోశాననుకో, గాలి పోయే దారి లేక కింద ట్యాంకు చీలుతుంది. కింద ఎవరు కూర్చున్నారు?"

నేను ధ్రువపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను. కింద కూర్చున్నది ఎనిమిదో తరగతిలో నాకు ఊరికే మార్కులు వేసి పాస్ చేసిన మనిషి. భద్రత గురించి నాకు తెలిసినదంతా ఆ పూట ఒక్క ప్రశ్నతో తెలిసింది. దానికి నెంబరు లేదు, గడి లేదు.

రాస్కో లారీలోంచి పొడుగాటి తీగ తెచ్చి ఊపిరి గొట్టంలో దూర్చాడు. కాసేపు తిప్పి లాగితే, ఎండిన మట్టిముద్ద ఊడి పడింది. అక్టోబరులో ట్యాంకు నింపాక, చలి ముదిరేలోగా కందిరీగలు కట్టుకున్న గూడు. చూడ్డానికి రోడ్డు దాటి వచ్చిన లిండన్ దాన్ని చేతిలోకి తీసుకుని, వీళ్ళు అనుమతి లేకుండా కట్టుకున్నట్టున్నారే అన్నాడు. రాస్కో మళ్ళీ మీట తిప్పాడు. జలుబు చేసిన పిచ్చుక కూసింది. అంత వికారమైన శబ్దం నేను జన్మలో వినలేదు, అంత హాయిగానూ వినలేదు. డెల్ఫీన్ నవ్వుతూ ఏడ్చింది, ఆ కన్నీళ్ళు అక్కడే గడ్డకడితే చేత్తో గీకేసుకుంది. ఈల ఆగిన క్షణంలోనే రాస్కో కట్టేశాడు. ఒక చుక్క కూడా కింద పడలేదు.

కథ ఇక్కడ ఆగితే నేను మళ్ళీ బీన్స్ విందుల మీద పడేవాణ్ణి. కానీ రాస్కో నిజాయితీపరుడు. జరిగింది జరిగినట్టు పెట్టెలో నమోదు చేశాడు. మొదట ఈల రాలేదు, గూడు తీశాను, తర్వాత వచ్చింది, విన్నాను, నింపాను. టీచరుగారి ప్రస్తావన మాత్రం పెద్దరికం ఎంచి వదిలేశాడు.

ఫిబ్రవరిలో క్విమ్బీగారు స్వయంగా వచ్చారు. లారీ పెట్టె రికార్డు చేసిన శబ్దాన్ని 212వ ఈలతో పోల్చి చూశారట. రెండూ కలవలేదు. గమకం లోపించింది. అంటే జనవరిలో మా గొట్టంలోంచి వచ్చినది అనధికార ఈల. అనధికార ఈలను ఆలకించి నూనె పోసినందుకు రాస్కో లెవిట్‌ని లారీ దింపేసి, ఆరు వారాల శ్రవణ పునశ్చరణ తరగతికి పంపారు. ఆ తరగతిలో ఆదర్శమైన ఈల ఎలా ఉండాలో నేర్పడానికి రోజుకి రెండు గంటలు 212వ ఈల వినిపిస్తారు. రాస్కో కాయితమూ పెన్సిలూ పట్టుకెళ్ళి గమకం ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టుకుంటున్నాడు. మా గోడకి మళ్ళీ ఎర్రబిళ్ళ పడింది.

ఇక లాభం లేదని నిజం చెప్పేశాను. 212 మా ట్యాంకు కాదు, మా టీచరుగారు. క్విమ్బీగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అయితే ఇబ్బంది ఏముంది? నూనె పోసే రోజున ఆవిణ్ణి రమ్మనండి. నమోదైన ఈల ఆవిడది."

"గొట్టంలోది బాగా పనిచేస్తోందండీ. కావాలంటే రాస్కోని అడగండి."

"పనిచెయ్యడం వేరు, పాసవడం వేరు," అన్నారు ఆయన.

సరే అదీ చేద్దామనుకున్నాం, కానీ గోరుచుట్టు మీద రోకటిపోటు. టీచరుగారికి అదే వారంలో పైవరస పళ్ళు తీసి కట్టుడుపళ్ళు పెట్టారు. ఈల వేయబోతే 'ఫ్' అని గాలి వస్తోంది. ఆవిడ ఆ గాలితోనే నవ్వి నవ్వి కట్టుడుపళ్ళు చేతిలోకి తీసుకున్నారు. ఈల విఫలమైన కారణం రాయమని ఫారంలో గడి ఉంది. తుప్పు, మంచు, పురుగులు, ఇతరములు. 'ఇతరములు' ఎదురుగా 'పళ్ళు' అని రాశాను. ట్యాంకుకు పళ్ళు ఎప్పుడు అమర్చారో రసీదు జతపరచమని జవాబు వచ్చింది. ఆ రసీదు కోసం నేనింకా తిరుగుతూ ఉండగానే గేజీ పావుకి దిగింది.

మార్చి మొదటి మంగళవారం మధ్యాహ్నం, మేము అడక్కుండానే, లారీ వచ్చింది. కొత్త సంవత్సరం నుంచి డిపోవాళ్ళు పెట్టుకున్న లెక్కలో నెలన్నరకోసారి నూనె దానంతటదే బయలుదేరుతుంది. దిగింది కార్ల్‌టన్. చెవిడిప్పలు, వాటి మీద ఉన్ని టోపీ, దాని మీద కోటు తలముసుగు. మా గోడ దగ్గరికి వచ్చి ఎర్రబిళ్ళ చూశాడు. పెట్టె చూశాడు. పెట్టె ఏదో చెప్పింది. తల ఊపి, గొట్టం చుట్ట ఈడ్చుకుంటూ రోడ్డు దాటడం మొదలుపెట్టాడు.

ఎక్కడికి పోతున్నాడా అని నేను చూస్తూ నిలబడ్డాను. లిండన్ గోడ మీద ఒకటో నెంబరు పచ్చబిళ్ళ ఎండలో మెరుస్తోంది. అప్పుడు, ఆవలిస్తూ చదివిన నియమం ఒకటి అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

మంచులో మోకాలిదాకా దిగబడుతూ పరుగెత్తాను. కేకలు పెట్టాను. డెల్ఫీన్ కేకలు పెట్టింది. టీచరుగారు కిటికీలోంచి 'ఫ్, ఫ్' అన్నారు. చెవిటివాడి ముందు శంఖం. నేను వెళ్ళేసరికి కార్ల్‌టన్ గొట్టం బిగించి మీట తిప్పేసి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. లిండన్ పిల్లితో సహా గుమ్మంలో నిలబడి, చాలా నెమ్మదిగా, "మా ఇంట్లో ట్యాంకు లేదయ్యా," అన్నాడు.

కార్ల్‌టన్‌కి పెదాలు కదలడం కనబడింది. పెట్టె తిప్పి అతనికి చూపించాడు. పచ్చదీపం.

నేనే మీట కట్టేశాను. అప్పటికి అరవై రెండు గ్యాలన్లు దిగాయి. మా ఇల్లు ఏప్రిల్ దాకా వెచ్చగా ఉండడానికి సరిగ్గా సరిపోయే నూనె, లిండన్ కొత్తగా కొనిపెట్టుకున్న బంగాళాదుంపల మీద చల్లగా నిలబడింది. అనుమతి లేకుండా మీట ముట్టుకున్నందుకు నాకు నోటీసు వచ్చింది. ప్రస్తుతం నేనూ, డెల్ఫీన్, లిండన్, పిల్లీ మా వంటింట్లో కట్టెల పొయ్యి చుట్టూ ఉంటున్నాం. నూనె వాసన పోయేదాకా లిండన్ ఇంటికి పోవడానికి లేదు. మా గేజీలో ముక్క అడుక్కి ఇంకా రెండు వేళ్ళుంది. టీచరుగారు పొద్దునా సాయంత్రం కట్టుడుపళ్ళతో సాధన చేస్తున్నారు, 'ఫ్' ఇప్పుడు 'ఫీ' దాకా వచ్చింది.

నిన్న జరిగిన ఊరి వార్షిక సభలో క్విమ్బీగారు విభాగం నివేదిక చదివారు. ఈ చలికాలంలో ఊళ్ళో మొత్తం మూడువందల ఆరు సార్లు నూనె పోశారట. చెవిడిప్పలతో సహా అన్ని నియమాలనూ తు.చ. తప్పకుండా పాటించి పోసినది ఒక్కసారేనట, లిండన్ హ్యాచ్ ఇంట్లో.